కిటికీ ఒకప్పుడు చిన్న తలుపు

ప్రశ్న: పోర్చుగీసులో కిటికీని ‘జనేలా’ అంటారు, స్పానిష్‌లో ‘వెంతానా’. పక్కపక్క భాషలే కదా, ఇంత తేడా ఎందుకండీ?

జవాబు: మంచి ప్రశ్నండీ. లాటిన్‌లో ‘యానువా’ అంటే తలుపు, దానికి చిన్నది అనే అర్థమిచ్చే తోక తగిలించి వాడుక లాటిన్‌లో ‘యానువెల్లా’ అన్నారు, అంటే చిన్న తలుపు, అదే జనం నోళ్ళలో అరిగి అరిగి జనేలా అయింది. స్పానిష్ వాళ్ళేమో ‘వెంతుస్’, అంటే గాలి, దాన్ని బట్టి పేరు పెట్టుకున్నారు. మరి కిటికీకి అసలు లాటిన్ మాట ‘ఫెనెస్త్రా’ ఏమైంది అంటే, పోర్చుగీసులో అది పూర్తిగా పోలేదు, ‘ఫ్రెస్తా’గా మిగిలి ఇప్పుడు సన్నటి సందుకి వాడుతున్నారు, కిటికీ కాస్తా సందైపోయింది చూడండి, నాకైతే అన్నిటికంటే నచ్చేది ఇదే. అన్నట్టు యానువాకి చుట్టమే గుమ్మాల దేవుడు యానుస్, జనవరికి పోర్చుగీసు మాట ‘జనైరు’ కూడా ఆయన పేరు నుంచి వచ్చిందే.