వెంట వెళ్ళాడా, వెంబడించాడా?

సందేహం: పోటీ పరీక్షల కోసం ప్రాచీన చరిత్ర నోట్సు రాసుకుంటున్నాను. ‘గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ కార్తేజ్ దండయాత్రలో రోమన్ సేనాని స్కిపియోను వెంబడించాడు’ అని రాస్తే, నా స్నేహితురాలు చదివి ‘పాపం, ఎందుకు తరిమాడు?’ అంది. బైబిల్లో ‘నన్ను వెంబడించుము’ అని ఉంది కదా, అక్కడ లేని తప్పు ఇక్కడెందుకు?

సమాధానం: మీ స్నేహితురాలికి వినబడింది నిజమే. ఇవాళ ‘వెంబడించాడు’ అనగానే ముందు దొంగ, వెనక పోలీసు కనిపిస్తారు. బైబిలు అనువాదంలోది పాత వాడుక. అప్పటికి ఆ మాటకు ‘వెనకే నడువు’ అనే అర్థం బలంగా ఉంది. చర్చిలో అది నేటికీ నిలిచింది గానీ వార్తల్లో, కథల్లో, మాటల్లో ‘తరుము’ అనే అర్థమే స్థిరపడింది. ఫాలో అవడం అనే ఇంగ్లీషు మాటకు రెండర్థాలూ ఉండటంతో, దాన్ని మనసులో పెట్టుకుని రాసేవాళ్ళు తరచు ఇక్కడే జారిపడతారు.

వెన్ను, వెనుక, వెంట, వెంబడి ఒకే కుదురు మాటలు. అన్నిట్లోనూ వీపు ఉంది. అర్థాన్ని తేల్చేది పక్కన చేరే క్రియ. వెంట వెళ్ళితే తోడు, వెంట పడితే వేధింపు, వెంటాడితే వేట. ‘వెంబడి’కీ అంతే: తెలంగాణలో ‘నా ఎంబడి రా’ అంటే ఎంత ఆప్యాయంగా ఉంటుంది! దానికే ‘ఇంచు’ చేర్చి, మనిషి పేరుకు ‘ను’ తగిలిస్తే ఆ మనిషి పరుగెత్తుతున్నట్టు అయిపోతుంది. ‘స్కిపియో వెంట’లో ఇద్దరూ కలిసి ఉన్నారు, ‘స్కిపియోను వెంబడించాడు’లో ఒకరికొకరు దూరమయ్యారు.

వాళ్ళిద్దరిదీ దూరం కాదు. క్రీ.పూ. 167లో రోమ్‌కు బందీలుగా తరలించిన వెయ్యిమంది అకయన్లలో (గ్రీసులోని అకయా కూటమివాళ్ళలో) పాలిబియస్ ఒకడు. అక్కడ కుర్రవాడైన స్కిపియో ఎమిలియానస్‌కు గురువులాంటి స్నేహితుడయ్యాడు. క్రీ.పూ. 146లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరం తగలబడుతుంటే స్కిపియో పక్కనే ఉన్నాడు. గెలిచిన సేనాని కన్నీళ్ళు పెట్టుకుని, మహానగరం ట్రాయ్‌కి కూడా నాశనమయ్యే రోజు వస్తుందన్న గ్రీకు కవి హోమర్ పంక్తులు చదివాడు. పాలిబియస్ చెయ్యి పట్టుకుని, ఏదో ఒకనాడు తన దేశానికీ ఇదే గతి పడుతుందేమోనని భయంగా ఉందన్నాడు. ఆ చెయ్యి తనదేనని పాలిబియసే రాసిపెట్టాడు. అంత దగ్గరగా నిలబడ్డవాణ్ణి ‘వెంబడించాడు’ అనడానికి నాకు మనసొప్పదు.

అందుకే ‘అనుచరుడు’ కూడా వద్దు. నాయకుడి వెనక తిరిగే కార్యకర్త గుర్తొస్తాడు. ‘సహచరుడు’ సరిపోతుంది. స్కిపియోను కర్తగా చేసి రాసేటప్పుడు మాత్రం ‘వెంటబెట్టుకుని వెళ్ళాడు’ అనకండి. చిన్నపిల్లల్ని, కింది ఉద్యోగుల్ని వెంటబెట్టుకుని వెళ్తాం. వయసులో పెద్దవాడూ గురువులాంటివాడూ అయినప్పుడు ‘వెంట తీసుకెళ్ళాడు’ అన్నా చాలు, ‘తోడ్కొని వెళ్ళాడు’ అంటే మరింత మర్యాద.

మీరు అడగకపోయినా ఇంకొకటి. అక్కడ ‘దండయాత్ర’ కన్నా ‘ముట్టడి’ మేలు. దండయాత్రలో సైన్యం కదలాలి, ముట్టడిలో కోట చుట్టూ కూర్చోవాలి. కార్తేజ్‌ను రోమన్లు క్రీ.పూ. 149 నుంచే చుట్టుముట్టారు, స్కిపియో కాన్సల్ (రోమ్‌లో ఏటా ఎన్నికయ్యే అత్యున్నత అధికారి) అయి పగ్గాలు పట్టింది 147లో. కాబట్టి మీ నోట్సులో ఇలా మార్చుకోండి: ‘కార్తేజ్ ముట్టడిలో రోమన్ సేనాని స్కిపియో వెంట గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ ఉన్నాడు.’