కాల్షియం సమతుల్యతను నియంత్రించే మందుల వర్గీకరణ

శరీరంలో కాల్షియంను అదుపులో ఉంచే మందులన్నీ ఒకే వర్గంలోకి వస్తాయా అన్నది ప్రశ్న. రావు. మందులను అవి పనిచేసే అవయవం, చికిత్స, రసాయన స్వభావాన్ని బట్టి కోడ్‌లతో విభజించే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుసరించే ఏటీసీ వర్గీకరణలో హార్మోన్ మందుల కింద హెచ్05 అనే విభాగం ఇందుకోసమే ఉన్నా, అందులో పారాథైరాయిడ్ హార్మోను (మెడలోని చిన్న గ్రంథులు స్రవించే, రక్తంలో కాల్షియంను పెంచే హార్మోను), దాన్ని పోలిన మందులు ఒక ఉపవర్గంగా, ఆ హార్మోనుకు వ్యతిరేకంగా పనిచేసేవి మరో ఉపవర్గంగా మాత్రమే కనిపిస్తాయి.

మొదటి ఉపవర్గంలోని టెరిపారటైడ్ నిజంగా ఆశ్చర్యం కలిగించే మందు. 84 అమైనో ఆమ్లాలున్న సహజ హార్మోనులోని మొదటి 34 మాత్రమే ఇందులో ఉంటాయి. హార్మోను రక్తంలో నిరంతరం ఎక్కువగా ఉంటే ఎముక కరుగుతుంది. అదే రోజుకొకసారి 20 మైక్రోగ్రాముల ఇంజెక్షన్‌గా ఇస్తే ఎముక కట్టుకుంటుంది. రెండో ఉపవర్గంలో రక్తంలో కాల్షియంను తగ్గించే కాల్సిటోనిన్ అనే హార్మోనుతో పాటు, పారాథైరాయిడ్ గ్రంథిలోని కాల్షియం గ్రాహకాలను మరింత సున్నితం చేసి హార్మోను స్రావాన్ని తగ్గించే సినకాల్సెట్ ఉంటుంది.

మన ఇళ్లలో ఎక్కువగా వాడే మందులు మాత్రం ఇదే వర్గీకరణలో వేరే విభాగాల్లో ఉన్నాయి. విటమిన్ డి ఏ11లో, కాల్షియం మాత్రలు ఏ12లో, ఎముక అరుగుదలను ఆపే అలెండ్రోనేట్ వంటి బిస్ఫాస్ఫొనేట్లు ఎం05లో చేరాయి. అలెండ్రోనేట్‌ను పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో మింగి, అన్నవాహికకు పుండు పడకుండా కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి. కాల్షియం మాత్రను దానితో కలిపి వేసుకుంటే మందు ఒంటికి పట్టదు.