కరెంటు ఖర్చయిపోతుందా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా బడిలో 60 వాట్ల బల్బునూ 100 వాట్ల బల్బునూ శ్రేణిలో (ఒకదాని తరువాత ఒకటిగా, ఒకే దారిలో) కలిపి ఇంటి కరెంటుకు తగిలించి చూపించారు. 60 వాట్ల బల్బు బాగా వెలిగింది, 100 వాట్లది మసకగా ఎర్రబడి ఊరుకుంది. కరెంటు ముందుగా 60 వాట్ల బల్బుకు చేరి, అది వాడుకోగా మిగిలినదే రెండోదానికి వెళ్లిందని పరీక్షలో రాస్తే మార్కులు వేయలేదు. నా జవాబులో తప్పేమిటి?
– పదో తరగతి విద్యార్థిని, జనగామ

జవాబు: తప్పంతా ‘మిగిలినది’ అన్న ఒక్క మాటలో ఉంది. మీ ఉపాధ్యాయుల సమక్షంలో, సరఫరా పూర్తిగా ఆపిన తరువాత, రెండు బల్బుల స్థానాలను మార్చి చూడండి. అప్పుడు కూడా 60 వాట్ల బల్బే ఎక్కువగా వెలుగుతుంది. పైగా మన ఇళ్లకు వచ్చేది సెకనుకు 50 ఆవర్తనాల ఏకాంతర విద్యుత్తు. దాని దిశ సెకనుకు 100 సార్లు మారుతుంది కాబట్టి, ఏ బల్బు ముందు, ఏ బల్బు వెనుక అన్న ప్రశ్నకే అక్కడ అర్థం లేదు.

పాతకాలపు పిండిమరను ఒకసారి గుర్తు చేసుకోండి. ఇంజనుకూ మరకూ మధ్య ఒక పొడవైన బెల్టు తిరుగుతూ ఉంటుంది. మర దగ్గరికి ఎంత బెల్టు వస్తుందో, అంతే బెల్టు తిరిగి ఇంజను వైపు వెళుతుంది. మర దానిని తినేయదు. ఖర్చయ్యేది ఇంజనులోని డీజిలు. విద్యుత్ వలయంలో ఆవేశం ఆ బెల్టు వంటిది. శ్రేణిలో ఉన్న బల్బులన్నింటి గుండా ప్రతి క్షణం ఒకే ప్రవాహం సాగుతుంది, ఎందుకంటే మధ్యలో ఆవేశం పోగుపడటానికి గానీ మాయమవటానికి గానీ చోటు లేదు. బల్బు తీసుకునేది శక్తిని మాత్రమే. ‘కరెంటు కాలుతోంది’, ‘కరెంటు ఎక్కువ తింటుంది’ అని ఇంట్లో అందరమూ అంటాము, ఈ వ్యాసకర్తతో సహా. ఆ వాడుకను పరీక్ష పత్రంలోకి మాత్రం తీసుకురాకూడదు.

ఇక 60 వాట్లది ఎందుకు గెలిచిందో లెక్క వేద్దాం. వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగిస్తే నిరోధం వస్తుంది. 230 వోల్టుల దగ్గర 60 వాట్ల బల్బు నిరోధం సుమారు 882 ఓములు, 100 వాట్లది 529 ఓములు. తక్కువ వాట్ల బల్బుకే నిరోధం ఎక్కువ అన్న సంగతి చాలామందికి తలకిందులుగా తోస్తుంది. నిజానికి ఎక్కువ కరెంటును పోనివ్వకపోవడం వల్లనే అది తక్కువ వాట్ల బల్బు అయింది. రెంటినీ శ్రేణిలో కలిపితే మొత్తం 1411 ఓములు, ప్రవాహం దాదాపు 0.163 ఆంపియర్లు. ఈ ప్రవాహం రెంటికీ సమానం కాబట్టి, ఎక్కువ నిరోధం ఉన్న బల్బు కొనల మధ్య ఎక్కువ పొటెన్షియల్ భేదం నిలుస్తుంది: 60 వాట్ల బల్బుకు 144 వోల్టులు, 100 వాట్ల బల్బుకు 86 వోల్టులు. ఆ ప్రకారం మొదటిది సుమారు 23 వాట్లు, రెండోది 14 వాట్లు తీసుకుంటాయి.

ఈ అంకెలు పుస్తకానికి సరిపోతాయి గానీ మీ బడి బల్లమీద ఇంతకన్నా ఎక్కువ తేడా కనిపిస్తుంది. ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం, పూర్తిగా వెలుగుతున్నప్పటి నిరోధంలో పదో వంతు కూడా ఉండదు. తక్కువ శక్తి అందిన 100 వాట్ల ఫిలమెంటు సరిగా వేడెక్కదు, వేడెక్కకపోవడం వల్ల దాని నిరోధం ఇంకా తగ్గుతుంది, అలా దాని వాటా మరింత పడిపోతుంది. మీరు చూసిన ఎర్రటి మసక వెలుగుకు అసలు కారణం ఇదే. ఇళ్లలో సమాంతర సంధానం (ప్రతి బల్బునూ విడిగా సరఫరాకు కలపడం) వాడటం వల్ల ప్రతి బల్బుకూ పూర్తి 230 వోల్టులు అందుతాయి, అక్కడ 100 వాట్లదే ఎక్కువగా వెలుగుతుంది.

మరో మాట. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం గల రాగి తీగలో ఒక ఆంపియరు ఏకముఖ విద్యుత్తు ప్రవహిస్తున్నప్పుడు ఎలక్ట్రాన్ల అపసర వేగం, అంటే అవి సగటున ముందుకు జరిగే వేగం, సెకనుకు 0.07 మిల్లీమీటర్లు మాత్రమే. ఒక మీటరు దాటడానికి వాటికి నాలుగు గంటలకు కొంచెం తక్కువ పడుతుంది! అయినా స్విచ్చి నొక్కగానే దీపం వెలుగుతున్నదంటే, ఎలక్ట్రాన్లను నెట్టే విద్యుత్ క్షేత్రం తీగ వెంట దాదాపు కాంతితో పోల్చదగిన వేగంతో వ్యాపించి, వలయంలోని ఎలక్ట్రాన్లన్నింటినీ ఇంచుమించు ఒకేసారి కదిలించడమే కారణం. పిండిమర బెల్టు కూడా అంతే కదా.

ప్రశ్న: కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు తిరుగుతుందని చూపే ఆయిర్‌స్టెడ్ ప్రయోగం చేయాలని రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు, తీగ, దిక్సూచి తీసుకున్నాను. తీగను దిక్సూచి మీదుగా తూర్పు కిటికీ నుంచి పడమర గోడ వైపుకు లాగి కట్టాను. బల్బు వెలిగింది, ముల్లు మాత్రం కదలలేదు. సెల్లుల బలం చాలలేదా?
– ఇంటర్ విద్యార్థి, నరసరావుపేట

జవాబు: సెల్లుల మీద నేరం మోపకండి. మీ తీగ తూర్పు పడమరలుగా ఉండటమే చిక్కు. ప్రవాహం ఉన్న తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం వలయాకారంలో ఏర్పడుతుంది కాబట్టి, తీగకు సరిగ్గా కింద ఆ క్షేత్రం తీగకు అడ్డంగా, అంటే మీ గదిలో ఉత్తర దక్షిణ దిశలో ఉంటుంది. ముల్లు ఎలాగూ అదే దిశలో నిలబడి ఉంది; ఇక అది ఎటు తిరగాలి? తీగను ముల్లుకు సమాంతరంగా, ఉత్తర దక్షిణాలుగా ఉంచండి. అప్పుడు తీగ క్షేత్రం ముల్లును పక్కకు లాగుతుంది. 1820లో కోపెన్‌హాగెన్‌లో ఆయిర్‌స్టెడ్ ప్రకటించిన ఫలితం కూడా ముల్లుకు సమాంతరంగా ఉంచిన తీగతో వచ్చినదే.

అప్పుడైనా పెద్ద కదలికను ఆశించకండి. మన ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం సుమారు 40 మైక్రోటెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం). టార్చి బల్బు గుండా వెళ్లే 0.3 ఆంపియర్ల ప్రవాహం, తీగకు ఒక సెంటీమీటరు దూరంలో 6 మైక్రోటెస్లాలే ఇస్తుంది. ముల్లు ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు తిరిగితే అదే గొప్ప. బల్బును తీసేసి సెల్లులను నేరుగా తీగతో కలపాలన్న ఆలోచన వస్తుంది, అది వద్దు: తీగ, సెల్లులు క్షణాల్లో వేడెక్కుతాయి. దానికి బదులు ఇన్సులేషన్ ఉన్న సన్నని తీగను దిక్సూచి పెట్టె చుట్టూ ఉత్తర దక్షిణాలుగా పది చుట్లు చుట్టండి. ముల్లుకు పైనున్న భాగం, కింద ఉన్న భాగం రెండూ దానిని ఒకే వైపుకు లాగుతాయి. అదే 1820లో ష్వైగర్ ఈ ఉపాయంతో చేసిన పరికరమే చిన్న ప్రవాహాలను పసిగట్టే నేటి గాల్వనామీటరుకు పూర్వరూపం.

ప్రశ్న: అయస్కాంతం అంటుకోకపోతేనే మంచి స్టీలు అని గిన్నెల దుకాణంలో చెబుతారు. అదే గిన్నె ఇండక్షన్ పొయ్యి మీద పెడితే వేడెక్కడం లేదు. ఏది నమ్మాలి?
– ఒక గృహిణి, హైదరాబాదు

జవాబు: దుకాణదారు మాటలో సగమే నిజం. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలుకు అయస్కాంతం అంటుకోదు. నికెల్ వల్ల ఇనుము పరమాణువుల అమరిక మారిపోవడం అందుకు కారణం. అయితే నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక రకం స్టీలుకు కూడా అంటుకోదు. అందువల్ల ఈ పరీక్షతో ఆ రెంటినీ వేరు చేయలేము. ఇంకో తమాషా: మంచి గిన్నెకే అడుగున అంటుకోని అయస్కాంతం, వంపు తిరిగిన అంచు దగ్గర కొద్దిగా పట్టుకోవచ్చు. లోహాన్ని బలంగా వంచినచోట పరమాణువుల అమరిక మళ్లీ కొంత మారుతుంది.

ఇండక్షన్ పొయ్యి లోపలి తీగచుట్ట, సెకనుకు 20 వేలకు పైగా ఆవర్తనాలతో మారే అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తుంది. ఆ మార్పు వల్ల గిన్నె అడుగులోనే సుడి ప్రవాహాలు (సుడిలా తిరిగే విద్యుత్ ప్రవాహాలు) పుట్టి వేడిని ఇస్తాయి. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రమే ఇది. అయస్కాంతం అంటుకునే లోహంలో ఈ ప్రవాహాలు ఉపరితలంలో పలుచని పొరకే పరిమితమై, ఎక్కువ నిరోధాన్ని ఎదుర్కొని, ఎక్కువ వేడిని ఇస్తాయి. పొయ్యి కోసం గిన్నె కొనేటప్పుడు అయస్కాంతాన్ని అడుగు మధ్యలో పెట్టి చూడండి, గట్టిగా అంటుకోవాలి.

ప్రశ్న: మూడు పిన్నుల ప్లగ్గులో ఒక పిన్ను మాత్రమే పొడవుగా, లావుగా ఎందుకు ఉంటుంది?
– ఏడో తరగతి విద్యార్థి, పాలకొల్లు

జవాబు: అది ఎర్త్ పిన్ను, అంటే భూమికి కలిపిన తీగకు తగిలే పిన్ను. పొడవుగా ఉండటం వల్ల ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నింటికన్నా ముందు తగులుతుంది, తీసేటప్పుడు అన్నింటికన్నా చివర వదులుతుంది. ఇస్త్రీ పెట్టె లోపల తీగ తెగి పైనున్న లోహానికి ఆనినా, కరెంటు మీ చేతి గుండా కాక తక్కువ నిరోధం గల ఎర్త్ తీగ గుండా పోతుంది, ఆ భారీ ప్రవాహానికి ఫ్యూజు కరిగిపోతుంది. లావుగా ఉండటం ఆ పిన్ను పొరపాటున ఫేజు (కరెంటు వచ్చే) రంధ్రంలో దూరకుండా.