నార్తర్న్ లైట్స్ కోసం ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి? ముందు మబ్బుల సంగతి చూసుకోండి

"నార్తర్న్ లైట్స్ చూడాలంటే ఏ నెలలో, ఎక్కడికి వెళ్లాలి? ఫోటోలు తీయడం కష్టమా?" అని అడిగారు. నార్తర్న్ లైట్స్ అంటే ఉత్తర ధ్రువం దగ్గర రాత్రి ఆకాశంలో కదిలే రంగురంగుల వెలుగులు. నేను స్వీడన్‌లో ఉంటాను, వీటి కోసం నాలుగుసార్లు ఉత్తరానికి వెళ్లాను. నన్నడిగితే మార్చి. క్రిస్మస్ సెలవులని అందరూ డిసెంబర్‌లో ఎగబడతారు, ఆ నెలలో నాకైతే మంచూ మబ్బే మిగిలాయి. మే నుంచి జులై దాకా అక్కడ అసలు చీకటే పడదు, వెళ్లి లాభం లేదు.

ఒక మార్చిలో అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తే నార్వేలోని ట్రోమ్సోకి తీసుకెళ్లాను. మొదటి రాత్రి యాప్‌లో కేపీ (భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడిని 0 నుంచి 9 దాకా కొలిచే అంకె) 5 చూపించింది. రెండింటి దాకా చలిలో నిలబడ్డాం, నెత్తి మీద మబ్బు కదల్లేదు. రెండో రాత్రి కేపీ 2. హోటల్లో ఉన్నవాళ్లంతా "ఇవాళ ఏం లేదు" అని పడుకున్నారు. నేను మబ్బుల మ్యాప్ తెరిస్తే, ఫిన్లాండ్ వైపు స్కీబోట్న్ దగ్గర ఆకాశం ఖాళీగా ఉంది. అక్కడి కొండలు సముద్రం మీది మబ్బుల్ని ఆపేస్తాయి. కారులో రెండు గంటలు పట్టింది.

దిగగానే అమ్మ "అదిగో, ఇక్కడా మబ్బే కదరా" అంది. కొండ మీద బూడిద రంగులో సన్నటి చార. ట్రైపాడ్ పెట్టి షట్టర్ ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచి, ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకు ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) 1600లో ఒక్కటి తీశాను. స్క్రీన్ మీద ఆ చార పచ్చగా వచ్చింది! మసక వెలుతురులో మన కళ్లకు రంగు సరిగ్గా ఆనదు, కెమెరాకు ఆనుతుంది. కాసేపటికి అది మా కళ్లకూ పచ్చబడి, దండెం మీద చీరలా ఊగడం మొదలుపెట్టింది. అమ్మ చేతులు జోడించింది. నాన్న ఏమీ మాట్లాడలేదు, మెడ నొప్పి పుట్టినా తల దించలేదు.

అందుకే కేపీ నంబర్ గొడవ చూస్తే నాకు కోపం వస్తుంది. ధ్రువం చుట్టూ ఈ వెలుగులు వచ్చే వలయం దక్షిణానికి ఎంత దూరం దిగుతుందో చెప్పే లెక్క అది. 2024 మేలో పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడు లడఖ్‌లోని హాన్లేలో కూడా ఎర్రటి వెలుగు కెమెరాలకు చిక్కింది. ట్రోమ్సో, స్వీడన్‌లోని అబిస్కో ఆ వలయం కిందే ఉన్నాయి, అక్కడ కేపీ 2 చాలు. "గ్యారంటీగా చూపిస్తాం" అనే ప్యాకేజీల్ని నమ్మకండి, మబ్బుకు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. ఒక్క రాత్రికి అంత దూరం వెళ్లకండి, కనీసం నాలుగు రాత్రులు ఉండండి. మంచు రోడ్ల మీద నడిపే అలవాటు లేకపోతే మాత్రం చిన్న వ్యాన్‌లో తిప్పే గైడ్‌ను పెట్టుకోండి.

ఫోటోలకు: ఆటో ఫోకస్ తీసేసి, ఒక మెరిసే నక్షత్రం చుక్కలా కనపడేదాకా చేత్తో ఫోకస్ తిప్పండి. వెలుగులు వేగంగా కదులుతుంటే షట్టర్‌ను రెండు మూడు సెకన్లకు తగ్గించండి, లేకపోతే అంతా అలుక్కుపోతుంది. చలికి బ్యాటరీ అరగంటలో పడిపోతుంది, రెండోది లోపలి జేబులో ఒంటికి తగిలేలా పెట్టుకోండి. తిరిగి వెచ్చటి గదిలోకి వచ్చే ముందే కెమెరాను గాలి చొరని కవర్లో మూసేయండి, లేదంటే లెన్స్ నిండా చెమ్మ పడుతుంది. ఫోన్‌తో అయితే నైట్ మోడ్ పెట్టి రాయికి ఆనించండి చాలు. ఫ్లాష్ మాత్రం ఆపేయండి. ఆ రాత్రి పక్కవాళ్లు ఫ్లాష్ కొట్టిన ప్రతిసారీ నాన్న కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడేలోపు ఆకాశంలో సగం ఆట అయిపోయేది.