లోగో మీరు గీసిందే, మరి పేరు ఎవరిది?

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో ఉంటున్న ఫ్రీలాన్స్ గ్రాఫిక్ డిజైనర్‌ను. 2021 నుంచి మా ఇంటిపేరుకు 'డిజైన్స్' అని చేర్చుకుని, ఆ పేరుతోనే పని చేస్తున్నాను. లోగోలోని అక్షరాలు నేనే గీశాను. పక్కనున్న నెమలి బొమ్మను నా స్నేహితుడు డబ్బు తీసుకోకుండా గీసి ఇచ్చాడు. విజయవాడలో ఒకరు దాదాపు ఇదే పేరుకు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టారని ఈమధ్యే తెలిసింది. నా పేరు, లోగో నాకు దక్కుతాయా?

జవాబు: పేరు, లోగో ఒకే హక్కు కిందికి రావు కాబట్టి రెండింటినీ విడివిడిగా చూడాలి.

లోగో చిత్రం 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కళాకృతి. గీసిన క్షణం నుంచే దానిపై హక్కు ఏర్పడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయితే ఆ హక్కు గీసినవారిది. అక్షరాల రూపం మీదే కానీ, నెమలి బొమ్మకు చట్టం దృష్టిలో మొదటి యజమాని మీ స్నేహితుడే. 'నీకోసమే గీశాను, వాడుకో' అని ఆయన నోటిమాటగా అన్నంత మాత్రాన యాజమాన్యం మీకు బదిలీ కాదు. చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం బదిలీ రాతపూర్వకంగా, ఆయన సంతకంతో ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లకే వర్తిస్తుందనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమనీ భావిస్తారు. కాబట్టి ఈ రెండింటినీ స్పష్టంగా రాయించుకోండి. క్లయింట్లతో ఒప్పందాలు జాగ్రత్తగా రాసుకునే డిజైనర్లు సైతం సొంత లోగో విషయంలో ఈ కాగితం సంగతి మరచిపోవడం తరచూ చూస్తుంటాను.

కాపీరైట్ పేరును కాపాడదు. పేరుకు రక్షణ 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం నుంచీ, అంతకు ముందు మీ వాడకం నుంచీ వస్తుంది. ముందునుంచి వాడుతున్నవారి హక్కు, తర్వాత రిజిస్టర్ చేయించుకున్నవారి హక్కు కంటే బలమైనదని సుప్రీంకోర్టు 2015లో సయ్యద్ మొహిదీన్ కేసులో చెప్పింది. 34వ సెక్షన్ కూడా అటువంటివారికి రక్షణ ఇస్తుంది. అయితే అవతలివారి వాడకం, వారి రిజిస్ట్రేషన్ తేదీ, ఈ రెండింటిలో ఏది ముందైతే దానికన్నా ముందునుంచి మీరు ఎడతెగకుండా వాడుతూ ఉండాలి. రిజిస్ట్రేషన్ మంజూరైతే దరఖాస్తు తేదీ నుంచే లెక్కలోకి వస్తుంది. అందువల్ల ముందుగా ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో విజయవాడ వ్యక్తి దరఖాస్తు తెరిచి, ఎప్పటినుంచి వాడుతున్నట్టు రాశారో చూడండి. 'ఇకమీదట వాడబోతున్నాం' అని ఉంటే మీ స్థానం గట్టిదే; 2021కి ముందు తేదీ రాసి, దాన్ని ఆయన రుజువు చేయగలిగితే కథ మారుతుంది.

మీ రుజువుల గురించి ఒక హెచ్చరిక. యూపీఐలో మీ సొంత పేరుమీద జమైన డబ్బు, వ్యాపార పేరు వాడినట్టు చూపదు. పేరూ తేదీ రెండూ కనిపించే ఇన్‌వాయిస్‌లు, కొటేషన్లు, క్లయింట్లకు పంపిన ఈమెయిళ్లు, డొమైన్ కొన్న రసీదు, ఇన్‌స్టాగ్రామ్ పాత పోస్టులు ఏడాదివారీగా భద్రపరచండి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) లేదా జీఎస్టీ నమోదు ఉన్నా, అవి పేరుపై యాజమాన్యం ఇవ్వవు.

మీ పేరులో ఒక బలహీనత ఉందని కూడా చెప్పాలి. 'డిజైన్స్' అనేది మీ పనిని వర్ణించే మాట కనుక దానిపై ఎవరికీ గుత్తాధిపత్యం రాదు. ఇంటిపేరు పలువురికి ఉంటుంది. విజయవాడ వ్యక్తిదీ అదే ఇంటిపేరైతే, నిజాయితీగా తన పేరు వాడుకోవడాన్ని 35వ సెక్షన్ అడ్డుకోనివ్వదు. మీ స్థానంలో నేనుంటే లోగో, పేరు కలిసిన రూపానికి ముందుగా దరఖాస్తు చేసి, భవిష్యత్తు కోసం కొత్తగా కల్పించిన పదం ఒకటి ఆలోచించుకునేవాణ్ణి.

ట్రేడ్‌మార్క్ దరఖాస్తుల కోసం చేసిన సరుకుల, సేవల వర్గీకరణలో గ్రాఫిక్ డిజైన్ సేవలు 42వ తరగతిలోకి వస్తాయి. వ్యక్తులకు ఆన్‌లైన్ రుసుము తరగతికి రూ.4,500. తెలంగాణ చెన్నై రిజిస్ట్రీ పరిధిలోనిదైనా ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తారు కనుక ప్రయాణం అక్కర్లేదు. సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా లోగో పక్కన రిజిస్టర్ అయిందని సూచించే వృత్తంలోని 'ఆర్' గుర్తు పెట్టకండి, అది చట్టవిరుద్ధం, 'టీఎం' (ట్రేడ్‌మార్క్) పెట్టుకోవచ్చు.

విజయవాడ దరఖాస్తు ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురితమైతే అభ్యంతరం దాఖలు చేయడానికి నాలుగు నెలల గడువే ఉంటుంది, దాన్ని పొడిగించరు. ఈ వారంలోనే దాని స్థితి చూసుకుని, ప్రచురణ తేదీ ఉంటే మీ ఆధారాలతో న్యాయవాదిని కలవండి.