పుల్లల పొయ్యితో ఫోన్ ఛార్జింగ్ అయ్యే పనేనా?

మన్యంలో నాలుగు రోజులు ట్రెక్కింగ్‌కి వెళ్తున్నాం, పుల్లల మంటతో కరెంటు పుట్టించే పొయ్యి కొంటే నలుగురి ఫోన్లకీ సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. అలాగని పనికిరాని వస్తువేం కాదు. కొన్నేళ్లుగా అలాంటిదొకటి వాడుతున్నాను కాబట్టి చెప్తున్నా.

ముందు లెక్క చూడండి. ఈ పొయ్యిల్లో చాలావరకు 3 వాట్ల దాకానే ఇస్తాయి. అదీ మంట భగభగా మండుతున్నప్పుడే. వండుకుంటూ, పుల్లలు ఎగదోసుకుంటూ ఉంటే 2 వాట్లు వచ్చినా గొప్పే. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీకి సుమారు 19 వాట్-అవర్లు, అంటే గంటసేపు 19 వాట్లు కావాలి. మధ్యలో వృథా అయ్యేది కూడా కలిపితే ఒక్క ఫోన్ నిండడానికే పది గంటలకు పైగా మంట పెట్టాలి. నలుగురి ఫోన్లంటే ట్రెక్కింగ్ మానేసి పుల్లలేరుకోవడమే! అదే 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అయితే పావుకిలో అటూ ఇటూ బరువుంటుంది, ఒక ఫోన్ నింపినా ఇంకా మిగులుతుంది. పొయ్యి దాదాపు కిలో.

ఇంత మంట వేస్తే కరెంటు ఇంతేనా అనిపిస్తుంది. పొయ్యికి బిగించిన చిన్న బిళ్లకు ఒక పక్క వేడి, రెండో పక్క చల్లదనం ఉంటే, ఆ తేడా వల్ల కరెంటు పుడుతుంది. 1821లో శాస్త్రవేత్త సీబెక్ గమనించింది ఇదే. కానీ ఆ వేడిలో నూటికి ఐదు వంతులు కూడా కరెంటుగా మారదు. 1977లో పంపిన వాయేజర్ అంతరిక్ష నౌకల్లో కరెంటు కూడా ఇదే సూత్రంతో తయారవుతోంది, కాకపోతే అక్కడ పుల్లల బదులు ప్లుటోనియం!

అందుకే మంట పెంచడం ఒక్కటే సరిపోదు, రెండో పక్కను చల్లగా ఉంచాలి. కొన్నిట్లో ఆ పని ఫ్యాన్ చేస్తుంది, బిళ్ల గిన్నె అడుగునే ఉండే రకంలో నీళ్లు చేస్తాయి. గిన్నెలో నీళ్లు మరిగాక వంచేసి చల్లటివి పోస్తే కరెంటు మళ్లీ పుంజుకుంటుంది. ఖాళీ గిన్నె మాత్రం మంట మీద పెట్టకండి, బిళ్ల మాడిపోతుంది.

నాది ఫ్యాన్ రకం. బొటనవేలంత లావు ఎండు సరుగుడు పుల్లలు బాగా పనిచేస్తాయి, కొబ్బరి చిప్ప ముక్కలైతే ఇంకా మేలు. ఫ్యాన్ అందుకోగానే పొగ తగ్గి, మంట గుయ్‌మంటూ పైకి లేస్తుంది. కానీ రెండు మూడు నిమిషాలకోసారి పుల్ల పడాల్సిందే. తడి పుల్ల ఒక్కటి పడిందా, కళ్లు మండటం, ఛార్జింగ్ లైటు ఆరిపోవడం ఒకేసారి జరుగుతాయి.

స్మార్ట్‌ఫోన్‌ని నేరుగా తగిలించకండి. మంట తగ్గినప్పుడల్లా ఛార్జింగ్ ఆగుతుంది, మళ్లీ మొదలైన ప్రతిసారీ స్క్రీన్ వెలిగి, వచ్చిన కాస్తా తినేస్తుంది. నేను చిన్న పవర్ బ్యాంక్‌కి పెట్టి, దాన్నుంచి ఫోన్‌కి ఎక్కిస్తాను. హెడ్‌ల్యాంప్, బటన్ ఫోన్ అయితే అన్నం, చారు అయ్యేలోపు వాడుకునేంత ఛార్జ్ వచ్చేస్తుంది. దీని అసలు ఉపయోగం అక్కడే.

నేను కొన్నది కూడా ట్రెక్కింగ్ కోసం కాదు. మాది విశాఖ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ ఛార్జింగ్ కోసం జనరేటర్ ఉన్న దుకాణాల చుట్టూ తిరిగాం. మబ్బు పట్టినప్పుడు సోలార్ ప్యానెల్‌తో పెద్దగా ఏమీ రాదు. అటక మీద ఎండు కొబ్బరి చిప్పల సంచి ఉంటే ఆ టెన్షన్ కాస్త తగ్గుతుంది. ఇంట్లో తలుపులేసుకునో, టెంట్ లోపలో మాత్రం వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలే పోతాయి.

మీ ట్రిప్‌కి ఇంకో చిక్కుంది. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు రాజేయడం నేరం. పొయ్యి చిన్నదే కదా అంటే గార్డు ఒప్పుకోడు. మనిషికో పవర్ బ్యాంక్ పెట్టుకుని, సిగ్నల్ లేనిచోట ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో ఉంచితే నాలుగు రోజులు హాయిగా వస్తాయి. పొయ్యి ఇప్పటికే ఆర్డర్ పెట్టేసి ఉంటే, దాని లోపలి బ్యాటరీని ఇంట్లోనే ఫుల్ చేసుకుని బయల్దేరండి, మొదట ఫ్యాన్ తిరగాలంటే అదే ఆధారం.