కెచక్ చూశాక జింబరన్ డిన్నర్‌కు బండి దొరకదా?

బాలిలో కెచక్ (రామాయణ కథను ఆడే నృత్య నాటకం) చూసి, అదే రాత్రి అత్తగారితో కలిసి జింబరన్‌లో డిన్నర్‌కు వెళ్లడం కుదురుతుందా, బండి దొరుకుతుందా అని అడిగారు. మీ టైమింగ్‌లో తప్పేమీ లేదు, చిక్కంతా తిరుగు బండితోనే. ఉలువాటు గుడి దగ్గర సాయంత్రం 6కి మొదలయ్యే కెచక్ దాదాపు గంటసేపు ఉంటుంది. ఆ తర్వాత జింబరన్ బీచ్‌లో భోజనానికి టైం బాగానే ఉంటుంది. కానీ ఆట ముగియగానే వందల మంది ఒకేసారి బయటికొస్తారు, యాప్‌లో బండి దొరకడం కష్టం.

1. అందరూ వదిలేసేది ఇదే: వెళ్లేటప్పుడే వెయిటింగ్‌తో కలిపి కారు మాట్లాడుకోండి. ఉలువాటు, జింబరన్, మళ్లీ హోటల్ అని మూడూ ముందే చెప్పి రేటు ఖాయం చేసుకోండి. డ్రైవర్ వాట్సాప్ నంబర్ తీసుకుని, నంబర్ ప్లేట్ ఫొటో తీసి పెట్టుకోండి. చీకటి పడ్డాక పార్కింగ్‌లో కార్లన్నీ ఒకేలా కనిపిస్తాయి.

2. గుడి టికెట్ వేరు, ఆట టికెట్ వేరు. సీటు కోసం 5కల్లా చేరండి.

3. కళ్లజోడు, ఫోన్ జాగ్రత్త. అక్కడి కోతులు లాక్కుపోతాయి.

4. రద్దీ భయంతో ముందే లేచి రావద్దు. హనుమంతుడి మంటల ఘట్టం చివరి భాగంలోనే వస్తుంది, అసలు చూడాల్సింది అదే! ముందు వరుసలో పిల్లల్ని మాత్రం కూర్చోబెట్టకండి, నిప్పురవ్వలు ఎగురుతాయి.

5. జింబరన్‌లో చేపలు తూకం లెక్క, కాల్చకముందే కిలో ధర అడగండి. మీ అత్తగారు శాకాహారి అన్నారు కదా, సంబల్ అనే మిరప పచ్చడిలో తరచుగా తెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు. అది లేకుండా చేయమనండి.